మద్దెల నిజంగానే ఓడైతే?

ఏటా ఈ సంచికలో మన పండుగల గురించి, ఊరి జ్ఞాపకాల గురించి రాసుకుంటున్నాం. ఈసారి గేమింగ్ మానిటర్ గురించి రాద్దామని మాలో ఒకరంటే అందరం నవ్వాం. తెలుగు బడి పుస్తకంలో ఇదేమిటి అనుకున్నాం. కానీ శుక్రవారం తరగతులయ్యాక టీ తాగుతూ మాట్లాడుకుంటే, ఈ ఏడాది అల్ ఖర్జ్‌లో మన చాలా ఇళ్ళలో పిల్లలకూ పెద్దలకూ మధ్య జరిగిన గొడవ ఇదేనని తేలింది.

ఒక ఇంటి సంగతి చెబుతాం. పన్నెండేళ్ళ బాబు ప్లేస్టేషన్‌లో ఫుట్‌బాల్ ఆడుతూ వరుసగా ఓడిపోతున్నాడు. "నాన్నా, నేను నొక్కిన తరువాత కాస్త ఆలస్యంగా కదులుతోంది, మంచి మానిటర్ కొనిపెట్టండి" అన్నాడు. నాన్నగారు నలుగురి ముందూ "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికి ఎవరో" అనేశారు. అందరం నవ్వాం కూడా. బాబు రెండు వారాలు ఆయనతో సరిగా మాట్లాడలేదు. తరగతికి వచ్చినా నోరు విప్పలేదు.

తరువాత మాలో ఒకరు వాళ్ళింటికి వెళ్ళి టీవీ సెట్టింగులు చూశారు. 'గేమ్ మోడ్' ఆపేసి ఉంది. బొమ్మ అందంగా కనబడాలని టీవీ లోపల చేసే మెరుగులకు కొంత సమయం పడుతుంది. సీరియల్ చూసేవారికి ఆ ఆలస్యం తెలియదు, ఆడేవారికి తెలుస్తుంది. రిమోట్‌తో గేమ్ మోడ్ పెట్టారు. బాబు ఒక ఆట ఆడి "ఇప్పుడు బాగుంది అంకుల్" అన్నాడు. ఒక్క రియాల్ ఖర్చు కాలేదు. మద్దెల నిజంగానే ఓడు! ఆ రాత్రి నాన్నగారు "నీ మాట పూర్తిగా వినకుండా అన్నానురా" అని కొడుకుతో ఒప్పుకున్నారు. నవ్విన మేమూ ఒప్పుకోవలసిందే.

అందుకే మా అభిప్రాయం ఇది. ముందు వినాలి, తరువాత పరీక్షించాలి, ఆ పైనే కొనాలి.

వినడానికి కొంచెం లెక్క తెలియాలి. తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో దాన్ని రిఫ్రెష్ రేట్ అంటారు, హెర్ట్జ్‌లలో చెబుతారు. 60 హెర్ట్జ్ అయితే ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీ సెకన్లు. 120 అయితే 8.3. 144 అయితే 6.9. 240 అయితే 4.2. పిల్లలూ, తీసివేత చేసి చూడండి. 60 నుంచి 120కి వెళితే సుమారు 8.4 మిల్లీ సెకన్లు కలిసొస్తాయి. 144 నుంచి 240కి వెళితే సుమారు 2.7 మాత్రమే. మొదటి మెట్టు పెద్దది, పై మెట్లు చిన్నవి. ధర మాత్రం పైకి పోయేకొద్దీ పెరుగుతుంది.

ఆడేది దేని మీద అన్నది రెండో ప్రశ్న. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ 120 హెర్ట్జ్ దాటవు. చాలా ఆటలు అంతవరకూ కూడా వెళ్ళవు. వాటి కోసం 240 హెర్ట్జ్ తెర కొంటే ఆ పై డబ్బు వృథా. ప్లేస్టేషన్ 5కి బొమ్మ చిరగకుండా చేసే వేరియబుల్ రిఫ్రెష్ రేట్ కావాలంటే తెరకు హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి. కంప్యూటర్ సంగతి వేరు. అది సెకనుకు 80 బొమ్మలే తయారు చేయగలిగితే 240 హెర్ట్జ్ తెర ఏం చేస్తుంది? కొన్న తరువాత విండోస్ సెట్టింగుల్లో చూడండి, కొత్త మానిటర్ కూడా 60 మీదే ఉండిపోవచ్చు. డబ్బాపై రాసే '1 మిల్లీ సెకను' అనేది రంగు మారే వేగం. బటన్ నొక్కినప్పటి నుంచి తెర మీద కనబడే వరకు పట్టే సమయం కాదు.

మూడోది ఇంటర్నెట్. నిజామాబాద్‌లోనో కడపలోనో ఉన్న బావతో, అన్నయ్యతో ఇక్కడి నుంచి ఆడితే సంకేతం వేల కిలోమీటర్లు వెళ్ళి రావాలి. ఆ ఆలస్యాన్ని ఏ మానిటరూ తగ్గించలేదు. వైఫై బదులు తీగ పెట్టి చూడండి, అది చవక.

ఇక పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం గురించి. మనకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని రియాద్‌లో 2024, 2025 వేసవుల్లో ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్ జరిగింది. 2025లో మొత్తం బహుమతులు 7 కోట్ల డాలర్లు దాటాయి. పిల్లలు అక్కడి తెరలు చూసి వచ్చి అవే కావాలంటారు. అదే పోటీలో ఆ ఏడాది మొదటిసారి చదరంగం పెట్టారు. మన వరంగల్ కుర్రవాడు ఎరిగైసి అర్జున్ సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచాడు. చదరంగానికి 240 హెర్ట్జ్ అక్కరలేదు, గుర్రం ఎప్పుడు కదిలినా రెండున్నర గళ్ళే! గురి చూసి కాల్చే ఆటలకు వేగం కావాలి, నిజమే. ఏ ఆటకు ఏది కావాలో తెలిసినవాడే ఆటగాడు.

పిల్లలూ, ఇంటి లెక్క కూడా వినండి. కుటుంబంలో ఒక్కొక్కరికి కట్టే రుసుము 2017లో నెలకు 100 రియాళ్ళతో మొదలై 2020కి 400 అయింది, అంటే మనిషికి ఏడాదికి 4800. 2020 జూలై నుంచి చాలా కొనుగోళ్ళపై పన్ను 15 శాతం. నాన్న "చూద్దాంలే" అంటే అది పిసినారితనం కాదు. పెద్దలారా, మీరూ ఆ లెక్క దాచకుండా పిల్లలకు చెప్పండి. చెప్పకపోతే వాళ్ళకు "కాదు" మాత్రమే వినబడుతుంది.

కొన్న మానిటర్‌ను మూసిన గదిలో కాక హాల్లో పెట్టమని మా మనవి. పగలు హోంవర్క్, సెలవు రోజు నానమ్మతో వీడియో కాల్, ఆ తరువాత ఆట, అన్నీ దాని మీదే. రేపు ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళినా వెంట తీసుకెళ్ళవచ్చు. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇండియాలో 50. అడాప్టర్ మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోండి.

చివరిగా ఒక షరతు. మానిటర్ కావాలన్న పిల్లలు ఒక పేజీ రాసి అమ్మానాన్నలకు ఇవ్వాలి. ఏ ఆట, ఇప్పుడున్న తెరతో ఇబ్బంది ఏమిటి, ఏం పరీక్షించారు, ధర ఎంత. రాసేది తెలుగులో. పెద్దలు దాన్ని చివరి వరకూ చదివిన తరువాతే సామెత చెప్పాలి.