జీపుకి గొట్టం సరే, గెడ్డకి వంతెన ఏది?

సీజన్ రాగానే వంజంగి, లంబసింగి వైపు వచ్చే బళ్ళు చూస్తున్నాం కదా. కొన్నిటికి బానెట్ పక్కనుంచి టాపు దాకా నల్లటి గొట్టం ఒకటి లేచి ఉంటుంది. దాన్ని స్నార్కెల్ అంటారు. ఆ బళ్ళు నీళ్ళలో దిగి ఎగజిమ్ముకుంటూ పోయే వీడియోలు మన ఫోన్లలో కూడా తిరుగుతున్నాయి. ఏజెన్సీలో సర్వీసు జీపులు తోలే మన తమ్ముళ్ళు "అన్నా, మన బండికి అది పెట్టిస్తే గెడ్డ దాటేయొచ్చా?" అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. టూరిస్టుకి ఆ నీళ్ళు సరదా. మనకి అదే ఆసుపత్రికి, సంతకి, రేషన్‌కి దారి.

ముందు ఆ గొట్టం ఏం చేస్తుందో తెలుసుకుందాం. ఇంజిన్‌కి డీజిల్ ఒక్కటే చాలదు, గాలి కావాలి. మామూలు బండి ఆ గాలిని బానెట్ లోపలి నుంచే పీల్చుకుంటుంది. నీళ్ళు ఆ ఎత్తుకి వస్తే గాలితో పాటు నీళ్ళూ సిలిండర్‌లోకి పోతాయి. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. పిస్టన్ పైకి వచ్చి నీటిని గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. అప్పుతో కొన్న బండి అయితే కుటుంబం రోడ్డున పడ్డట్టే. స్నార్కెల్ ఆ గాలి పీల్చే మూతిని టాపు దాకా ఎత్తుతుంది. అది చేసే పని అంతే.

గొట్టం ఒక్కటీ బిగించి దిగితే మాత్రం ప్రమాదం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున నీళ్ళు కారడానికి చిన్న రంధ్రం ఉంటుంది. అది, గొట్టం అతుకులు అన్నీ నీరు చొరకుండా మూయకపోతే, గొట్టం ఎంత ఎత్తున ఉన్నా కింద నుంచి నీళ్ళు వస్తాయి. ఇరుసుకి, గేర్‌బాక్సుకి గాలి ఆడే బ్రీదర్లు ఉంటాయి. దూరం నడిచి వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్ళలో దిగగానే వాటి గుండా నీళ్ళు లాక్కుంటుంది, ఆయిల్ పాలలా మారుతుంది. వాటికీ పైపులు వేసి పైకి తేవాలి. వైరింగ్, ఆల్టర్నేటర్ కిందనే ఉంటాయి. కొత్త బళ్ళలో అయితే సెన్సార్లు కూడా. నీళ్ళ మధ్యలో బండి ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ కొట్టకూడదు. నీళ్ళు లోపలికి పోయి ఉంటే ఆ ఒక్క సెల్ఫే ఇంజిన్‌ని చంపుతుంది. బయటికి లాగి ముందు ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడాలి.

ఇంకో లెక్క చూడండి. ఫోర్స్ కంపెనీ గూర్ఖాని 2021లో ఫ్యాక్టరీలోనే స్నార్కెల్ బిగించి తెచ్చింది. గొట్టం మూతి టాపు దగ్గర ఉంటుంది. కానీ కంపెనీ చెప్పిన లోతు 700 మిల్లీమీటర్లు, అంటే మనిషి తొడ దాకా. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కి స్నార్కెల్ లేకుండానే 650 అని చెప్పారు. గొట్టం ఎంత ఎత్తుంటే అంత లోతు దిగొచ్చు అనేది భ్రమ అని దీంతోనే తెలుస్తుంది.

పైగా ఆ అంకెలు నిలకడ నీటికి. మన గెడ్డలు నిలబడే నీళ్ళు కావు. ప్రవాహం వేగం రెట్టింపైతే బండిని తోసే బలం నాలుగు రెట్లవుతుంది. నీళ్ళు బండి ఫ్లోరు దాటి పైకి వస్తే, లోపలికి చొరబడేలోపు, ప్రతి పది సెంటీమీటర్లకి అర టన్ను దాకా బరువుని పైకి లేపుతాయి. చక్రం పట్టు తప్పుతుంది. ఇంజిన్ చక్కగా గాలి పీలుస్తూనే ఉంటుంది, బండి కొట్టుకుపోతూనే ఉంటుంది. మన దగ్గర తిరిగే జీపుల్లో చాలా వాటికి ఫోర్ వీల్ కూడా లేదు. 2023 జులైలో జంపన్న వాగు కొండాయి ఊరినే ముంచేసింది. అలాంటి నీటి ముందు ఏ గొట్టం పనికొస్తుంది?

అయితే స్నార్కెల్ వద్దని నేను అనడం లేదు. మోకాలి లోతు, నెమ్మది పారకం ఉన్న గెడ్డలు రోజూ దాటాల్సిన బళ్ళు ఉన్నాయి. అంబులెన్సు, రేషన్ బండి, టీకాలు తెచ్చే బండి. వాటికి పద్ధతిగా గొట్టం, బ్రీదర్లు బిగించి, డ్రైవర్లకి శిక్షణ ఇవ్వాలి. ఆ ఖర్చు ఐటీడీఏకి పెద్దదేం కాదు. అడుగుదాం.

కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి. మనకి ఎప్పుడూ రోడ్డు బదులు ఇంకేదో ఇస్తారు. డోలీ మోతల మీద గొడవ పెరిగితే 2018లో బైకులతో ఫీడర్ అంబులెన్సులు తెచ్చారు. అవి కొందరి ప్రాణాలు కాపాడే ఉంటాయి, కాదనను. కానీ డోలీ పోలేదు. వాన పడితే ఆ బైకు కూడా గెడ్డ ఒడ్డునే ఆగిపోతుంది. రేపు "ఆదివాసీల కోసం ప్రత్యేక నీటి వాహనాలు" అని జెండా ఊపితే చప్పట్లు కొట్టి ఊరుకుందామా? గర్భిణిని నీళ్ళలోంచి తీసుకుపోయే బండి కంటే, నీళ్ళలో దిగే అవసరమే లేని దారి కావాలి.

"అడవి భూమి, పర్మిషన్ రాదు" అని ఆఫీసులో చెప్తారు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) వాళ్ళ ముందు పెట్టండి. బడి, ఆసుపత్రి, రోడ్డు లాంటి 13 సౌకర్యాలకి, 1980 అటవీ సంరక్షణ చట్టంలో ఏమున్నా సరే, అడవి భూమి ఇవ్వొచ్చని అందులో ఉంది. షరతులు మూడే. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. గెడ్డ మీద కల్వర్టుకి హెక్టారు భూమి ఎందుకు పడుతుంది? ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, ఫైలు డీఎఫ్ఓ స్థాయిలోనే తేలాలి.

మనలో కొందరి భయం వేరు. "రోడ్డు వస్తే దాని వెనకే బాక్సైట్ లారీ వస్తుంది" అంటారు. ఆ భయానికి కారణం ఉంది, కొండలు పోగొట్టుకున్నవాళ్ళం. అందుకే గ్రామసభ సిఫారసు అనే మాట మనకి ముఖ్యం. ఎక్కడ వేయాలి, ఎంత వెడల్పు, ఏ గెడ్డ మీద అనేది ఊరు కూర్చుని రాయాలి. కంపెనీ కోసం కొలిచిన రోడ్డు వేరు, బాలింత కోసం అడిగిన వంతెన వేరు. మొదటిదాన్ని ఆపే హక్కు, రెండోదాన్ని అడిగే హక్కు రెండూ గ్రామసభవే. లారీకి భయపడి వంతెన అడగడం మానేస్తే డోలీ మోసేది మనమే.

కాబట్టి ఈ వానాకాలం లోపు ప్రతి ఊరి యువత ఒక పని చేయండి. మీ ఊరి దారిలో ఎన్ని గెడ్డలు, ఏ నెలలో ఎంత లోతు, ఎన్ని రోజులు దారి బంద్ అవుతుంది, ఆ రోజుల్లో ఎవరికి ఏం జరిగింది, తేదీలతో రాయండి. ఫోటోలు తీయండి. గ్రామసభ పెట్టి తీర్మానం రాయించండి, ఐటీడీఏలో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ గెడ్డలో కలిపినట్టే.

జీపు తోలే తమ్ముళ్ళకి చివరి మాట. గొట్టం ఉన్నా లేకపోయినా, నీళ్ళు ఎర్రగా ఉరుకుతుంటే దిగొద్దు. జనం తిట్టినా ఒడ్డున ఆపండి. ఆ ఆగిన ప్రతి రోజునీ లెక్క రాయండి. రేపు వంతెన అడిగేటప్పుడు అదే మన సాక్ష్యం.