కరెంటు పట్టీ కడితే కసరత్తు అవుతుందా?

నడుముకు పట్టీ కట్టి, బటన్ నొక్కి, టీవీ ముందు కూర్చుంటే చాలు, పొట్ట కరిగి కండలు వస్తాయని ఫోన్లో ఒకటే ప్రకటనలు. మా బంధువుల్లోనే ఇద్దరు కొన్నారు. "ఇంక గ్రౌండుకు పోవాల్సిన పనే లేదు" అంటున్నారు. నేను ఒప్పుకోను.

మనం చేయి ఎత్తాలంటే మెదడు నరాల ద్వారా చిన్న విద్యుత్ సంకేతం పంపుతుంది, కండరం ముడుచుకుంటుంది. ఈ పట్టీ మెదడుతో పని లేకుండా చర్మం మీద నుంచే కరెంటు పంపుతుంది. కండరం ముడుచుకునే మాట నిజమే. ఇటలీలో గాల్వానీ అనే శాస్త్రవేత్త చచ్చిన కప్ప కాలు విద్యుత్తుకు ఎగరడం గమనించి 1791లో ఆ సంగతి ప్రకటించాడు. కాలు ఎగిరింది సరే, కప్ప దూకిందా?

కబడ్డీలో కూతకు వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో ఆడినవాళ్లకు తెలుసు. గుండె దడదడ కొట్టుకుంటుంది, ఊపిరి బిగబట్టాలి, ఎవరు కాలు పట్టుకుంటారో కనిపెట్టాలి, పడిపోకుండా తిరగాలి. ఎముకల మీద బరువు పడితేనే అవి గట్టిపడతాయి. సోఫాలో కూర్చున్న మనిషికి పొట్ట మీద చర్మం జివ్వుమంటే ఇవన్నీ ఎట్లా వస్తాయి?

ఈ మోసం కొత్తదేమీ కాదు. 2002లోనే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ అబ్‌ట్రానిక్, ఏబీ ఎనర్జైజర్, ఫాస్ట్ ఆబ్స్ అనే మూడు పట్టీలు అమ్మినవాళ్ల మీద అబద్ధపు ప్రకటనలని కేసులు వేసింది. అక్కడి ఆహార, ఔషధ సంస్థ కూడా ఈ పరికరాలు కండరాన్ని కొంతకాలం బిగువు చేయగలవేమో గానీ, బరువు తగ్గించడానికి వేటికీ అనుమతి ఇవ్వలేదని చెప్పింది. అక్కడ పట్టుబడిన మాటలే ఇక్కడ మనకు అమ్ముతున్నారు.

"డాక్టర్లు కూడా వాడుతున్నారు కదా" అంటారు. అవును, వాడుతున్నారు. పక్షవాతం వచ్చినవాళ్లకు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు ఫిజియోథెరపీలో ఇది మేలు చేస్తుంది. కదల్లేనివాళ్లకు అది ఊతకర్ర. కాళ్లు బాగున్నవాడు ఊతకర్ర ఎందుకు కొంటాడు? పైగా గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టర్ను అడక్కుండా దీన్ని తాకకూడదు. మా ఇంటికి వచ్చిన డబ్బా మీద ఆ మాట చీమంత అక్షరాల్లో ఉంది.

ఇక "టైం లేదు" అనే సాకు. మా అవ్వ పాలక్కోడు పక్కన టమాట తోటల్లో పొద్దున్నుంచి వంగి కాయలు కోస్తుంది. హొగేనక్కల్‌లో పుట్టి నడిపేవాళ్ల చేతులు చూడండి, ఆ కండలు ఏ పట్టీ కట్టి వచ్చాయి? (నిజానికి ఆ మెషీన్ మా ఇంట్లో ఎవరికైనా పనికొస్తే, డాక్టర్ సరేనంటే, సాయంత్రానికి నడుం పట్టేసే మా అవ్వకే పనికొస్తుంది.)

ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామమూర్తి నాయుడు గారు మన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టరుగా పనిచేశారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లాలో పెరిగిన అమ్మాయి. చిన్నప్పటి నుంచే రోజూ బరువులు ఎత్తింది.

నా అసలు కోపం పట్టీ మీద కాదు. పెద్దవాళ్లు దాన్ని నమ్మడానికి కారణం, ఆట అంటే టైం వేస్టు అని ముందే అనుకోవడం. మా పదో తరగతికి వారానికి రెండు పీటీ పీరియడ్లు టైంటేబుల్లో ఉన్నాయి. అర్ధ సంవత్సర పరీక్షల తర్వాత ఒకటి లెక్కలకు పోయింది, ఇంకొకటి సైన్సుకు పోయింది. మిగిలిన క్లాసుల్లో కూడా మగపిల్లలు గ్రౌండులో ఉంటే ఆడపిల్లలం గోడ దగ్గర నిలబడి చూస్తాం. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు బాగా కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మాకు వారానికి కూడా 60 నిమిషాలు దొరకడం లేదు.

అమ్మానాన్నలారా, ఆ పట్టీకి పెట్టే డబ్బుతో ఒక వాలీబాల్, ఒక నెట్టు వస్తాయి. ఇంకా మిగిలితే స్కిప్పింగ్ తాళ్లు కొనండి. టీచర్లకు నా విన్నపం ఒక్కటే: మా రెండు పీరియడ్లు మాకు తిరిగి ఇవ్వండి, ఆ రోజు బంతి ముందు మా అమ్మాయిల చేతికి ఇవ్వండి.