గంజాయి కుర్రాడికి కేసుకన్నా ముందు వైద్యం

2021 అక్టోబరులో ఒక గంజాయి కేసు కూపీ లాగుతూ నల్లగొండ పోలీసులు విశాఖ మన్యంలోని లంబసింగి దాకా వెళ్ళారు. అక్కడ ముఠా రాళ్ళతో విరుచుకుపడింది. పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు గాయపడ్డారు. ఆ గొడవకు మూలం మత్తు కాదు, సరుకు మీద వచ్చే డబ్బు.

మత్తుమందు హింసకు దారితీసే తీరును అమెరికా పరిశోధకుడు పాల్ గోల్డ్‌స్టీన్ 1985లోనే మూడు రకాలుగా విడదీశాడు: తలకెక్కి కొట్టడం, కొనుక్కోవడానికి దోచుకోవడం, అమ్మేవాళ్ళు ఒకరినొకరు నరుక్కోవడం. గంజాయి పీల్చిన ప్రతివాడూ కత్తి పట్టడు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే రెండో రకం మన ఇళ్ళలోనే మొదలవుతుంది. ముందు పర్సులో వంద నోటు పోతుంది, తర్వాత ఫోను, ఆ తర్వాత గ్యాస్ బండ. తల్లి బీరువా తాళం ఇవ్వనన్న రోజున ఆమె మీదే చెయ్యి లేస్తుంది. అయినా ఆ తల్లి స్టేషను గడప తొక్కదు. కొడుకు జైలుపాలవుతాడని ఆమె భయం.

ఆ భయానికి చట్టంలోనే మందుంది. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం, వాడినందుకో, కిలోలోపు గంజాయి లాంటి కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసు పడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చేరి చికిత్స చేయించుకుంటే ఆ కేసులో శిక్ష ఉండదు. మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. ఈ సంగతి ఎన్ని ఇళ్ళకు తెలుసు?

తెలిసినా చేర్చడానికి మంచాలేవి? ఎయిమ్స్ సర్వే ఆధారంగా కేంద్రం 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం, చట్టవిరుద్ధ మత్తుకు బానిసలైన ఇరవైమందిలో ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందింది ఒక్కరే. సరుకును ఆపడానికి మన్యంలో గంజాయి తోటలు నరికించారు, 2022లో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు తగలబెట్టారు, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో మత్తుమందులను అరికట్టే ఈగల్ దళం పెట్టారు. అన్నీ కావలసినవే. ఇరవై కిలోలు మించి రవాణా చేసేవాడికి చట్టం చెప్పిన పదేళ్ళకు తగ్గని శిక్ష పడాల్సిందే. కానీ కొనేవాడు అలాగే ఉంటే ఇంకో అమ్మేవాడు పుట్టుకొస్తాడు.

స్విట్జర్లాండ్ 1994లో హెరాయిన్ బానిసలకు వైద్యుల పర్యవేక్షణలో మందు ఇచ్చే చికిత్స మొదలుపెట్టింది. అందులో చేరినవాళ్ళ దొంగతనాలు బాగా తగ్గాయని అక్కడి అధ్యయనాలు తేల్చాయి. గంజాయికి అలాంటి ప్రత్యామ్నాయ మందు లేదు, కాబట్టి కౌన్సెలింగే గట్టిగా సాగాలి.

అందుకే రెండు తెలుగు ప్రభుత్వాలూ ప్రతి జిల్లా ఆసుపత్రిలో డీ-అడిక్షన్ వార్డు నడపాలి. ప్రతి స్టేషనులో 64ఎ సంగతి తెలుగులో బోర్డు కట్టాలి, పట్టుబడిన కుర్రాడికీ అతని ఇంటివాళ్ళకూ ఆ రోజే చదివి వినిపించాలి. జైలుకు వెళ్ళినవాడికి లోపలే వైద్యం అందాలి. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్నవాళ్ళు ఇప్పుడే 14446కు ఫోన్ చేయండి, ఆ కాల్‌కు డబ్బు పడదు.