120 రోజుల అధ్యాపకులు

120 రోజులు అన్న లెక్క రైల్వే కార్మికులకు కొత్తది కాదు. ఓపెన్ లైనులో కాజువల్ లేబరుగా ఎడతెగకుండా 120 రోజులు పనిచేసినవానికి తాత్కాలిక హోదా లభించాలని నియమం. ఆ నియమం పుణ్యమా అని ఎందరో గ్యాంగు కూలీలు 120వ రోజును కళ్ళచూడనే లేదు. మస్టరు రోలులో పేరు కొట్టివేయడం, నాలుగు రోజులు ఇంటికి పంపి మరల కొత్తవానివలె చేర్చుకోవడం, ఈ విద్య మన పాత తరం వారందరికీ తెలిసినదే. అదే లెక్క విశ్వవిద్యాలయాల నియామక పత్రాల మీదికి ఎక్కిన సంగతి మాత్రం మనలో చాలమంది గమనించలేదు.

ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాలలలో 'అడ్‌హాక్' అధ్యాపకుని నియామకం 120 రోజులకు మించరాదు. గడువు తీరగానే ఒక రోజు విరామం, ఆపైన మరొక ఉత్తర్వు. డాక్టరేటు పుచ్చుకొని, జాతీయ అర్హతా పరీక్షలో నెగ్గినవారు ఈ విధంగా పదేసి సంవత్సరాలు గడిపారు. 2019 నాటికి వీరి సంఖ్య సుమారు 4,500. జీతం ప్రారంభ స్కేలులోనే ఇచ్చేవారు కాని, ఎన్ని సంవత్సరాలు పాఠం చెప్పినా ఇంక్రిమెంటు అన్నది లేదు. ప్రసూతి సెలవు కోరిన ఒక అధ్యాపకురాలి నియామకాన్ని పొడిగించక నిలిపివేయగా, అది చెల్లదని 2020 మే నెలలో ఢిల్లీ హైకోర్టు చెప్పవలసి వచ్చింది.

2019 ఆగస్టు 28న ఆ విశ్వవిద్యాలయం ఒక సర్క్యులరు జారీ చేసి, ఖాళీలలో ఇకపై 'గెస్టు' అధ్యాపకులను మాత్రమే తీసుకోవాలన్నది. డిసెంబరు 4న వేలాది అధ్యాపకులు వైస్ ఛాన్సలరు కార్యాలయాన్ని ముట్టడించారు. మరునాటికే కేంద్ర విద్యాశాఖ దిగివచ్చి అడ్‌హాకుల కొనసాగింపుకు అంగీకరించింది. సమ్మె చేసినవారికి ఇది అర్థమవుతుంది; విజ్ఞప్తులు చేసినవారికి అర్థం కాదు. అయితే 2022 నుండి పర్మనెంటు నియామకాలకు ఇంటర్వ్యూలు మొదలైనప్పుడు, ఏళ్ళ తరబడి అదే గదిలో పాఠం చెప్పినవారిలో చాలమంది వీధిన పడ్డారు. గడచిన సర్వీసుకు ఆ ఇంటర్వ్యూలో విలువ లేకపోయింది.

గెస్టు అధ్యాపకుని సంగతి ఇంతకంటె హీనం. 2019 జనవరిలో యు.జి.సి. నిర్ణయించిన ప్రకారం పాఠానికి 1,500 రూపాయలు, నెలకు 50,000 రూపాయలకు మించరాదు. అది గరిష్ఠ పరిమితి అని మరువరాదు. పాఠం తయారు చేసుకున్న రాత్రికి కూలి లేదు, వేసవిలో కళాశాల మూతపడితే కూలి లేదు. బస్తాకింత అని లెక్కగట్టే హమాలీ పద్ధతికి, గంటకింత అని లెక్కగట్టే ఈ పద్ధతికి మాకు భేదం కనబడడం లేదు.

వారు చదువుకున్నవారు, మన గొడవ వేరు, వారి గొడవ వేరు అని మన సభ్యులలో కొందరు అనవచ్చు. ఆ మాట మేము అంగీకరించలేము. గ్రామీణ డాక్ సేవకుని ప్రశ్నతోనే దీనిని పోల్చి చూడండి. అప్పటి ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లది సివిల్ పోస్టేనని సుప్రీంకోర్టు 1977లోనే తేల్చినా, వారి వారసులైన డాక్ సేవకులు ఈనాటికీ శాఖా ఉద్యోగులు కాలేదు. పని శాశ్వతం, పనివాడు తాత్కాలికం అన్నదే ఉభయుల గొడవ. పైగా ఆ అధ్యాపకులు ఎవరో కాదు. గేటుమన్ల ఇండ్లలో, పోస్టుమన్ల ఇండ్లలో మొట్టమొదటిసారిగా ఎం.ఏ. చదివిన బిడ్డలు కూడా వారిలో ఉన్నారు.

మన తెలుగు నేల మీదను ఇదే కథ. 2023లో తెలంగాణ ప్రభుత్వం జూనియర్, డిగ్రీ కళాశాలల కాంట్రాక్టు అధ్యాపకులను క్రమబద్ధీకరించింది గాని విశ్వవిద్యాలయాలవారిని విడిచిపెట్టింది. 2025 ఏప్రిల్‌లో వారు సమ్మెకు దిగారు. నేరుగా కొత్త నియామకాలు జరపాలని డాక్టరేటు పొందిన నిరుద్యోగులు, ముందు మమ్ములను పర్మనెంటు చేయాలని కాంట్రాక్టువారు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలిపి ప్రభుత్వాలు చోద్యం చూస్తున్నవి. ఖాళీలన్నీ నింపితే ఈ తగవులో సగం ఉండదు.

మిగిలిన సగానికి మన అనుభవం పనికివస్తుంది. 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ప్రాజెక్టు కాజువల్ లేబరుకు సర్వీసు కాలాన్ని బట్టి డివిజన్ వారీగా జాబితాలు తయారు చేయమని రైల్వేలను ఆదేశించింది. 1987లో తపాలా, తంతి శాఖ దినకూలీలకు కనీస స్కేలు ఇవ్వాలన్నది. 2006లో ఉమాదేవి తీర్పుతో కోర్టుల తలుపు చాలవరకు మూసుకున్నది. అయినా 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలల కాంట్రాక్టు అధ్యాపకులకు నెలకు 30,000 రూపాయలే ఇవ్వడాన్ని అదే కోర్టు తప్పుపట్టి, కనీస స్కేలు చెల్లించమన్నది.

కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల సర్వీసు జాబితాను ప్రతి విశ్వవిద్యాలయం ప్రకటించాలి. రిజర్వేషన్లకు భంగం లేకుండా, నియామకాలలో ఆ సర్వీసుకు మార్కులు ఇవ్వాలి. ఇది మా డిమాండు. కాంట్రాక్టు నియామకాలు మొత్తం పోస్టులలో 10 శాతానికి మించరాదని 2018 నిబంధనలలో యు.జి.సి. వ్రాసుకున్నది. 2025 జనవరి 6న విడుదల చేసిన ముసాయిదాలో ఆ పరిమితి కనిపించదు. మన బ్రాంచీల సర్వసభ్య సమావేశాలలో ఈ విషయం చర్చకు పెట్టి, స్థానిక అధ్యాపక సంఘాలను పిలిపించి వారి మాట వినాలని కోరుతున్నాము.