స్వంత పత్రిక – పరాయి ప్రకటన

తన చేతి సొమ్ముతో చిన్న పత్రిక నడుపుకొను రచయితకు ఎన్నడో ఒకనాడు ఒక ప్రశ్న ఎదురగును. కాగితపు వెల పెరిగినది, అచ్చుకూలి పెరిగినది, తపాలా ఖర్చు సరేసరి. చందాదారులు మిత్రులే, మిత్రులు కనుకనే చందా పంపుట మరతురు. అట్టి సమయమున ఒక వర్తకుడు వెనుక అట్టకు ఇంత యిత్తునని కబురంపును. పుచ్చుకొనవలెనా, వలదా? పాఠశాల వార్షిక సంచికను కూర్చు ఉపాధ్యాయునకును ఏటేట ఇదే చిక్కు. ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీనిని మిక్కిలి శ్రద్ధతో ఆలోచించిన పెద్దలు లేకపోలేదు.

వారిలో గాంధీమహాత్ముడు మొదట స్మరింపదగినవాడు. 1903లో డర్బనునుండి "ఇండియన్ ఒపీనియన్" వారపత్రిక వెలువడినప్పుడు దానిలో ప్రకటనలు ఉండెడివి. ఆ ముద్రణాలయము బయటి అచ్చుపనులను గూడ చేసెడిది. అయినను నష్టము తీరలేదు. ఒక దశలో ఆయన తన న్యాయవాద వృత్తి సంపాదననుండి నెలకు 75 పౌన్లు దానికి పంపవలసివచ్చెను. ఇంత లోటులో నున్న పత్రిక ప్రకటనలను మరింతగా వెదకుకొనుట లోకరీతి. ఆయన చేసినది దానికి విరుద్ధము. పత్రిక ఫీనిక్సుకు తరలిన కొంతకాలమునకు ప్రకటనలనే గాక బయటి అచ్చుపనిని సైతము మానివేసెను.

కారణములను ఆయన యెరవాడ జైలులో 1923లో ప్రారంభించిన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో చెప్పినాడు. అవి వేదాంతములు కావు. కార్యాలయములో కూర్చుండి పనిచేసినవానికి మాత్రమే తెలియు కష్టములు. పత్రికలోని సమర్థులైన పనివారు ప్రకటనలకై తిరుగుటలోను, బాకీలు రాబట్టుటలోను చిక్కుకొనిరి. ఏ ప్రకటన వేయవచ్చును, ఏది కూడదు అను తర్జనభర్జన ఎప్పటికప్పుడు వచ్చిపడెను. కూడదనిపించినది గూడ, ఇచ్చినవాడు సంఘములో పెద్దమనిషి యగుటచే, అతని మనసు నొచ్చునని వేయవలసివచ్చెడిది. పైగా ప్రకటనదారులను పొగడి మంచిచేసికొనవలెను.

ఈ చివరి మాట దగ్గర చదువరి కొంచె మాగవలెను. పత్రిక ఏ సంఘముకొరకు పుట్టినదో ఆ సంఘపు పెద్దల తప్పులను చెప్పుట దాని విధులలో నొకటి. ఆ పెద్దలే ప్రకటనదారులు. ఉదయము వారి గుమ్మమున నిలిచి బాకీ యడిగినవాడు సాయంకాలము వారిని మందలించి వ్రాయగలడా? వ్రాయగల ధీరుడు ఉండవచ్చును. కాని ధైర్యమును వారమువారము పరీక్షకు నిలుపు ఏర్పాటు మంచి ఏర్పాటు కాదు. సంఘమునకు పత్రిక కావలసియున్నచో సంఘమే పోషించును, అక్కరలేనిచో మూసివేయుటయే మేలని మహాత్ముని లెక్క. 1919లో "యంగ్ ఇండియా", "నవజీవన్" పత్రికలను చేపట్టినప్పుడు ఆయన మొదటినుండియే ప్రకటనలు వలదనుకొనెను.

ఇంతవరకు విన్న తెలుగువాడు ఊరకుండజాలడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి మాట యేమి? 1893లో బొంబాయిలో అమృతాంజనము; 1908లో అచ్చటనే వారపత్రికగా ఆంధ్రపత్రిక; 1914లో మద్రాసునుండి అదే దినపత్రిక; 1924లో భారతి; 1926లో ఆంధ్ర గ్రంథమాల. తలనొప్పి మందు అమ్మిన లాభము ఒక జాతి సాహిత్యమునకు ఎరువైన కథ యిది. డాక్టరు కేసరిగారు 1928లో "గృహలక్ష్మి"ని స్థాపించినప్పుడును దాని వెనుక వారి "లోధ్ర" మందు ఉన్నది. వ్యాపారము పత్రికను చెరచునన్నచో ఈ పత్రికలు ఎట్లు నిలిచినవి?

సమాధానము దూరమున లేదు. ఈ రెండుచోట్లను పత్రిక యజమానియు ప్రకటనదారుడును ఒక్కరే. ఎవరి గుమ్మమునను నిలువ నక్కరలేదు, ఎవరిని పొగడ నక్కరలేదు. సరకు చెడ్డదైనచో చెడిపోవునది తమ పేరే. అది యొకరి దాతృత్వమే గాని, స్థలము నమ్ముకొను బేరము కాదు. ఈ యుదాహరణమును చూపి పరాయి ప్రకటనను సమర్థించుట కుదరదు.

సమర్థింపదగిన కారణము వేరొకటి కలదు, అది వెల. పుటల సంఖ్యనుబట్టి దినపత్రికల వెలను కట్టడిచేసిన 1956 నాటి చట్టమును, 1960 నాటి ఉత్తర్వును సుప్రీంకోర్టు 1961లో "సకాల్" అను మరాఠీ పత్రిక దావాలో కొట్టివేసినది. ప్రకటనలకు చోటు తగ్గినచో వెల పెరుగును, వెల పెరిగినచో చదువరులు తగ్గుదురు, అది వాక్స్వాతంత్ర్యమునకే దెబ్బ యని న్యాయస్థానము గ్రహించినది. బీదవాని చేతికి చేరవలసిన దినపత్రికకు ఈ వాదము తిరుగులేనిది. మహాత్ముని నియమమును అచ్చట రుద్దుట అన్యాయము. కాని మూడువందల ప్రతులు వేయు చిన్న పత్రికకు ఇది వర్తించునా? దాని చదువరి వచ్చునది ఒక్క మనిషి మాట వినుటకు. ఆ మాట ఎవరి మొగమోటమునకును లోబడలేదన్న నమ్మకమే అతడిచ్చు చందాకు ప్రతిఫలము. అట్టి పత్రిక వెనుక అట్టను ఖాళీగానైనను ఉంచుకొనుట మంచిది.

నేడు అచ్చుతో పనిలేక తెరమీదనే తన రచనలను వెలువరించు రచయితకు చిక్కు మరింత సూక్ష్మమైనది. మధ్యవర్తి సంస్థ యొకటి స్థలము తీసికొని, చదువరి అలవాట్లనుబట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రకటన చూపును. ఏది వేయవలెనను తర్జనభర్జన తప్పినది. దానితో ఎంపికయు తప్పినది. తన వ్యాసముప్రక్కన ఏమి నిలిచినదో రచయితకే తెలియదు.

ఇక పాఠశాల సంచిక. ఊరి బట్టలకొట్టువాడును, పుస్తకాల అంగడివాడును "శుభాకాంక్షలతో" అని ఇచ్చు అరపుట నిజమునకు ప్రకటన కాదు, చందా. దానివలన బేరము పెరుగునని అతడును అనుకొనడు. దానికి అభ్యంతరము చెప్పుట చాదస్తము. శిక్షణసంస్థలవారు ర్యాంకుల ఛాయాచిత్రములతో నిండుపుట యడిగినప్పుడు సంగతి వేరు. ఒక విద్యార్థి బట్టీచదువును విమర్శించుచు వ్యాసము వ్రాసినాడనుకొనుడు. దానిని ఆ పుటకు ఎదురుగా వేయుదురా, లోపలికి నెట్టుదురా, స్థలాభావమని ఆపుదురా? ఆపినచో ఆ బాలుడు ఆ యేడు నేర్చుకొను పాఠము తెలుగు వాచకములో లేనిది. మంత్రతంత్రపు మందుల ప్రకటనలపై 1954లో చట్టము వచ్చినది. శిక్షణసంస్థల మోసపు ప్రకటనలపై 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శక సూత్రములు వెలువరించినది. చట్టము అబద్ధమును ఆపగలదు గాని, ఉపాధ్యాయుని మొగమోటమును ఆపలేదు. విద్యార్థి యేది చదువవలెనో, ఎచ్చట చేరవలెనో నిర్ణయింపజూచు వ్యాపారము సొమ్ము ఆ సంచికకు వలదు.

లోటు మాత్రము లోటుగానే యుండును. దానిని దాచిపెట్టక, జమాఖర్చును సంచికలోనే అచ్చువేసి చందాదారుల ముందుంచుట యొక మార్గము. పుటలు తగ్గించుట మరియొక మార్గము. ఆపివేయుటయు మార్గమే. గిడుగు రామమూర్తి పంతులుగారి "తెలుగు" మాసపత్రిక 1919లో పుట్టి సుమారొక యేడాది మాత్రమే నడచినది. వ్యావహారిక భాషోద్యమ చరిత్రను వ్రాయువారు ఆ కొద్ది సంచికలను నేటికిని వెదకి చదువుచునే యున్నారు.