కాగితం లేని బిడ్డ బిడ్డ కాదా?

సర్కారు డబ్బుతో కొండోళ్ళు సోమరులైపోతున్నారని చోడవరం టీకొట్ల దగ్గర వింటున్నాం. తల్లికి వందనం ఏడాదికి 13 వేలు, అంటే నెలకు వెయ్యి చిల్లర! దాంతోనే షావుకారు అప్పు తీర్చి, బిడ్డకు చెప్పులు కొన్న తల్లులు మాకు తెలుసు. 2020లో అమ్మఒడి తల్లికి ఒక్క బిడ్డ లెక్కనే వచ్చింది. 2025 నుంచి చదివే ప్రతి బిడ్డకూ అన్నారు, మంచిదే. కానీ కొండమీద ఇంట్లోనే పుట్టి, జనన పత్రం లేక ఆధార్ రాని బిడ్డ సంగతేమిటి? మన ఊళ్ళు షెడ్యూల్డ్ ప్రాంతం బయట మిగిలిపోయాయి. గెడ్డ పొంగితే బడికి దారే ఉండదు, 75 శాతం హాజరు మాత్రం ఉండాలట. ఆ హాజరు వేసే చేతులు మావే, అదీ మా బాధ. ఒక్క కాగితం కోసం తల్లి కూలి మానుకుని ఎన్నిసార్లు దిగాలి? తహసీల్దారు ఒక్కసారి కొండెక్కి రాకూడదా?