అంటువ్యాధి లెక్కలు – మనుష్యుల నడవడి

గ్రహణము ఫలానా దినమున పట్టునని పంచాంగమున వ్రాసియుండును. ఆ మాటను జనులు నమ్మినను నమ్మకున్నను గ్రహణము తన వేళకు పట్టును, తన వేళకు విడుచును. అంటువ్యాధి అట్టిది కాదు. వ్యాధి పెరుగనున్నదని విని జనులు జాగరూకులైనచో అది తగ్గును. తగ్గినదని విని ఏమరినచో మరల పెరుగును. చెప్పిన జోస్యమే ఫలమును మార్చివేయు వింత ఇందు కలదు. కావున వ్యాధిని లెక్కించువారు క్రిమిని మాత్రమే గాక మనుష్యుని నడవడిని గూడ లెక్కింపవలెను.

ఈ లెక్కల చరిత్రలో తెలుగునేలకును పాలు కలదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాస్ అను వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపులో ఆ వ్యాధి క్రిమిని కనుగొనెను. అందులకై 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. పిదప ఆయన గణితమును ఆశ్రయించి, మలేరియాను అణచుటకు దోమలన్నింటిని చంపనక్కరలేదనియు, వాని సంఖ్యను ఒక మేరకు దించిన చాలుననియు చూపెను. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అను ఇరువురు పండితులు జనులను మూడు తెగలుగా విభజించిరి: వ్యాధి సోకదగినవారు, సోకినవారు, కోలుకొనిగాని మరణించిగాని తొలగినవారు. వీరిలో మెకెండ్రిక్ భారతదేశమున వైద్యోద్యోగము చేసినవాడు. 1905-06లో బొంబాయి నగరమున ప్లేగు వలన మరణించినవారి సంఖ్యలతో వారు తమ లెక్కను సరిచూచుకొనిరి.

ఆ లెక్క సారము బాలురకు సైతము బోధపడును. ఒక రోగి ఇద్దరికి, ఆ యిద్దరు నలుగురికి వ్యాధిని అంటించుచు పోయినచో పదవ మారునకు రోగుల సంఖ్య 1,024 అగును. ఒకడు ఒక్కనికే అంటించినచో పదవ మారునకును రోగి యొక్కడే. ఇద్దరు కలిసి ఒక్కనికే అంటించునట్లైన, 1,024 మంది రోగులు పది మారులలో ఒక్కనికి దిగుదురు. రెండును ఒకటిగా, ఒకటిని అరగా మార్చునది ఔషధము మాత్రమే కాదు. దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుట, జ్వరము వచ్చినపుడు జనసమ్మర్దమునకు దూరముగా నుండుట మున్నగు చిన్న పనులును ఆ మార్పును తెచ్చును.

అయితే పాత లెక్కలో ఒక లోపము కలదు. అందరును అందరితో సమానముగా కలియుదురని అది భావించును. లోకమున అట్లుండదు. తాండూరు చేలలో కందిపైరు చూచుకొను రైతు దినమున కొలదిమందినే కలియును. నాపరాళ్లను నునుపుచేయు కర్మాగారములోని కూలి నిత్యము అదే కప్పు క్రింద అదే గుంపులో నుండును. వికారాబాదు స్టేషనులో రైలెక్కినవాడు ఒక్క గడియలో ఎందరికో సమీపవర్తి యగును. కార్తికమున అనంతగిరి జాతరకు వేలమంది ఒక్కచోట చేరుదురు. వ్యాధి ఈ బాటల వెంటనే నడచును.

కరోనా కాలమున ఈ సత్యము స్పష్టమైనది. వికారాబాదునకు పొరుగుననున్న సంగారెడ్డి జిల్లా కందిలో హైదరాబాదు ఐ.ఐ.టి. కలదు. అందలి ఆచార్యులు విద్యాసాగర్ అధ్యక్షులుగా నున్న సంఘము 2020 అక్టోబరులో తన లెక్కను ప్రకటించెను. వ్యాధి శిఖరము సెప్టెంబరులోనే దాటినదనియు, జాగ్రత్తలను విడువకున్నచో 2021 ఫిబ్రవరి చివరకు రోగులు మిక్కిలి తగ్గుదురనియు దాని సారాంశము. పలువురు మొదటి మాటను విని సంతోషించిరి. ‘విడువకున్నచో’ అను షరతును మరచిరి. ఇంతలో డెల్టా అను కొత్తరకము క్రిమియు వ్యాపించెను. 2021 మే నెలలో దేశమున ఒక్క దినమునకే నాలుగు లక్షలకు పైగా కొత్త రోగులు బయటపడిరి. ఆ విపత్తునకు జనుల ఏమరుపాటు ఒక్కటియే కారణమనుట న్యాయము కాదు. కాని అదియు ఒక కారణమే.

అట్లైన భయపెట్టి జనులను దారికి తేవలెనని కొందరందురు. భయము వ్యాధితో పాటు వచ్చి వ్యాధితో పాటు పోవును. అది పోయిన మరునాడే ఏమరుపాటు మొదలగును. అంతకంటె చెడ్డది సిగ్గు. అది రోగిని దాచును, రోగమును దాచలేదు. నిజాము కాలముననే అనంతగిరి అడవిలో క్షయరోగులకై శానిటోరియము వెలసెను. రోగిని ఇల్లు విడిపించి దూరముగా నుంచుట నాటి వైద్యనీతి. కాని సరియైన మందులు వాడినచో ఇంటనే చికిత్స పొందవచ్చుననియు, అందువలన ఇంటివారికి అదనపు ముప్పు లేదనియు మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో నిరూపించెను. నేడు సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స చాలును. అయినను వెలివేతకు సంబంధించిన పాత భయము జనుల మనస్సులను వీడలేదు.

తాండూరులో రాతి ధూళి పీల్చు కూలిని తలచుకొనుడు. ఆ ధూళి ఊపిరితిత్తులను చెరచి క్షయకు త్రోవ తీయగలదు. దగ్గు రెండు వారములు దాటినను అతడు ఆసుపత్రికి పోడు. పోయిన ఆనాటి కూలి పోవును, పని పోవునేమోయని భయము. అతనిని మూర్ఖుడనుట సులభము. కాని అతని నడవడి బుద్ధికే గాక బ్రతుకుతెరువునకును కట్టుబడియున్నది. ప్రభుత్వము మందులను ఉచితముగా నిచ్చుచు, పోషకాహారమునకై 2024 నవంబరు నుండి నెలకు వేయి రూపాయలు నిర్ణయించినది. ఇది మేలైన పని. దానితోపాటు పనిచోటున ధూళిని అణచు ఏర్పాటును, పరీక్షకు పోయినవాని కూలికి భద్రతయు కావలెను. మంచి నడవడిని కోరువారు దానికి అనువైన దారిని గూడ వేయవలెను.

గణితము దీపము వంటిది; అది గోతిని చూపును గాని కాలిని మరల్చలేదు. దగ్గుచున్న తండ్రిని పరీక్షకు పంపు బిడ్డయు, రోగము తగ్గిన తోడివానిని తన బల్లపై కూర్చుండబెట్టుకొను విద్యార్థియు ఆ లెక్కలోని అంకెలను దించువారే.